ఉప్పు ముట్టని మనిషి

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, అమ్మమ్మా, నువ్వెప్పుడూ చెప్పే ఆ దయ్యం నవల దొరికింది, ఎవరో పాత పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసి పెట్టేరు, చివరి పేజీలతో సహా ఉంది అంది. చివరి పేజీలతో సహా అన్న మాట విలువేమిటో నా ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు. నాకు మాత్రం సంతోషం కలగలేదు, ఎందుకంటే గుమ్మానికి అవతల అరుగు మీద మా వదిన కొబ్బరి ఈనెలు చీరుతూ కూర్చుని ఉంది. మావారు పోయాక నేను పుట్టింటికే వచ్చి ఆవిడ పంచన చేరాను, ఆవిడే నాకింత వండి పెడుతోంది. చూపు మందగించింది గాని ఆవిడవి పాము చెవులు.

ఆ రోజుల్లో రాజోలు సెంటర్లో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అట్టలు ఊడిన నవలలకి సిమెంటు బస్తా కాగితం అతికించి ఇచ్చేవాడు కొట్టాయన. సగం పుస్తకాలకి చివరి పేజీలు ఉండేవి కావు. ఏ కడుపుమంటగాళ్లు చింపేవారో గాని, అడిగితే ఆయన, కథంతా ఉంది కదమ్మా, ఆ చివర నాలుగు ముక్కలూ మీరే ఊహించుకోండి అనేవాడు. నేను చదవడం, మా వదిన చీపురు ఈనెలు చీరుతూ వినడం, ఇదీ మా మధ్యాహ్నాల కాలక్షేపం. ఆవిడకి అక్షరం ముక్క రాదు. మా అన్నయ్య మస్కట్ వెళ్లి అప్పటికి మూడేళ్లయింది, అతని ఉత్తరాలు చదివి పెట్టేదాన్నీ నేనే, ఆవిడ జవాబులు రాసేదాన్నీ నేనే.

ఆ నవలలో కథానాయిక భర్త ఓడెక్కి వెళతాడు, ఓడ మునిగిందని కబురొస్తుంది, కొన్నేళ్లకి ఒక సాయంత్రం అతను గుమ్మంలో నిలబడతాడు. వచ్చింది మనిషా, మనిషి రూపంలో వచ్చిన ఆత్మా? కుక్కలు మొరుగుతాయి, దీపాలు ఆరిపోతాయి, అయినా ఆ పిల్ల అతన్ని పిచ్చిగా ప్రేమిస్తూనే ఉంటుంది. మా వదిన ఈనెలు వదిలేసి నోరు తెరుచుకుని వినేది. పాపం, ఆవిడ మొగుడూ సముద్రం అవతలే ఉన్నాడాయె.

సరిగ్గా ఆ నవల చదువుతున్న రోజుల్లోనే, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నా పక్క మిషను మీద నేర్చుకునే కుర్రవాడు పేజీల మధ్య పెట్టిచ్చిన చీటీ వదిన కంట పడింది. చదవలేకపోయినా అది ఎలాంటి చీటీయో పోల్చుకుంది, తిన్నగా తీసికెళ్లి మా అమ్మ చేతిలో పెట్టింది. నా వీపు విమానం మోత మోగింది, టైపు మానిపించేశారు. నా మంచికే చేశానంది వదిన. నాకు పదిహేడేళ్లు, ఒళ్లంతా విషం. నవల చివరికి వచ్చేసరికి ఎనిమిది పేజీలు లేవు. లేవని నేను చెప్పలేదు. ఖాళీ అట్ట వైపు చూస్తూ, వేలు కదుపుతూ, నా సొంత ముగింపు చదివేశాను. వచ్చింది భర్త కాదట, అసలువాడు ఏనాడో సముద్రంలో పోయాడట, ఈ వచ్చినవాడు ఉప్పు ముట్టడట, ఆ గుర్తు పట్టలేక పక్కన చేరినందుకు ఆ పిల్ల నెల తిరక్కుండా ఎండి చచ్చిందట. వదిన ముఖం తెల్లగా పాలిపోయింది. నాకు భలే హాయిగా ఉంది, దాచుకోవడమెందుకు.

ఆ నెలలోనే అన్నయ్య వచ్చాడు, రెండు నెలల సెలవు మీద. రావులపాలెంలో దిగి టాక్సీ కట్టించుకుని వచ్చాడు. మనిషి నల్లబడి, చిక్కిపోయి, మాట తగ్గిపోయి ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు. సబ్బులకోసం అతని పెట్టె నేనే విప్పాను, అడుగున మాత్రలు కనిపించాయి. అడిగితే రక్తపోటు అనీ, అక్కడి డాక్టరు ఉప్పు మానమన్నాడనీ, అమ్మకి తెలిస్తే బెంగ పెట్టుకుంటుంది చెప్పకనీ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవకాయ వద్దన్నాడు, ఎండుచేప వద్దన్నాడు, పులుసులోనూ ఉప్పు వేయొద్దు, నాకు పడదు అన్నాడు. వదిన చేతిలో గరిటె జారి పడింది. ఆ ఇంట్లో రెండు సంగతులూ తెలిసినదాన్ని నేనొక్కర్తినే. ఒక్క మాట చెబితే సరిపోయేది. తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

ఆ రాత్రి నుంచి ఆవిడ మా అమ్మ మంచం పక్కన పడుకుంది. అతని గది గడప మీద ఉప్పు పోసింది. అతను పలకరిస్తే అమ్మ వెనక్కి వెళ్లి నిలబడేది, ఎందుకే అంటే చెప్పేది కాదు. ఇన్నాళ్లూ తను లేకపోయేసరికి దీనికి ఇంకెవరో దొరికి ఉంటారని అనుకున్నాడు అన్నయ్య, మగవాడికి అంతకంటే ఏం తోస్తుంది లెండి. నాలుగో రోజున వదిన నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, ఆ ఆఖరు మరొక్కసారి చదవవే, నేను సరిగ్గా విన్నానో లేదో అని బతిమాలింది. అప్పటికి కోపం చల్లారింది, కానీ అబద్ధమని ఒప్పుకుంటే అమ్మ చంపేస్తుందని భయం. పుస్తకం తెచ్చి, అదే ఖాళీ అట్ట తెరిచి, పొల్లు పోకుండా మళ్లీ చదివాను. ఆవిడ నా వేలు వంకే చూస్తూ కూర్చుంది.

పన్నెండో రోజున అన్నయ్య పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు, మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. అక్కడే ఇంకొకావిడతో కాపురం పెట్టాడని తెలిసింది, అక్కడే పోయాడు. కబురు వచ్చిన రోజున వదిన ఏడవలేదు, నా మొగుడు ఏనాడో పోయేరండీ అంది వచ్చినవాళ్లతో. ఊరంతా ఆవిడకి మతి చలించిందనుకున్నారు. నేనూ అలాగే అన్నాను.

మొన్న మనవరాల్ని ఆపుదామనుకునే లోపలే వదిన ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల కూడబలుక్కుంటూ ఎనిమిది పేజీలూ చదివేసింది. వచ్చినవాడు అసలు భర్తేనట, ఓడ మునిగాక ఎక్కడో ఒడ్డుకి చేరి, రావడానికి అన్నేళ్లు పట్టిందట. ఆఖరి వాక్యంలో కథానాయిక అతనికి అన్నం వడ్డిస్తుంది.

ఈనె చీరుతున్న చెయ్యి ఆగింది.

"ఉప్పు సంగతి ఇందులో లేదా అమ్మాయ్?" అని అడిగింది.

"లేదు మామ్మా, ఎక్కడా లేదు."

"ఆయ్" అంది వదిన. అంతే.

నన్ను తిట్టినా బాగుండేది. ఈమధ్య నాకూ రక్తపోటు వచ్చి, ఆవిడ నాకు చప్పిడి కూర విడిగా వండుతోంది. ఆ మధ్యాహ్నం ఆ కూరే వడ్డించి, ఉప్పు జాడీ తెచ్చి నా కంచం పక్కన పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను చిటికెడు తీసుకుని కలుపుకుని తినేదాకా ఆ మసక కళ్లతో నా చెయ్యే చూసింది. అప్పటి నుంచి రోజూ అదే వరస, రోజూ తింటున్నాను.

ఈనాటి పిల్లలు అదృష్టవంతులు. ఒకరు చదివి పెడితే వినాల్సిన ఖర్మ వాళ్లకి లేదు, వాళ్ల పుస్తకాలకి ఆఖరి పేజీలు ఊడిపోవు. అయినా ఆ మధ్యాహ్నాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు తీపిగానే ఉంటుంది, అదే నా సిగ్గు. నేను చదివేదేదైనా నిజమని నమ్మి వినే మనిషి నా బతుక్కి ఒక్కర్తే దొరికింది.