ఎర్ర గచ్చు మీద నల్ల చారలు

నా పెళ్లయిన రెండో ఏడు, డెబ్భైల చివర్లో, కుప్పంలోని మా అత్తగారింట్లో హాలుకు ఎర్ర గచ్చు వేయించారు. దాని మీద ఎవరు నడిచినా మా అత్త కళ్లు వాళ్ల పాదాల వెంటే తిరిగేవి.

ఒకరోజు మా నాన్న పుంగనూరులో బస్సెక్కి నన్ను చూడ్డానికి వచ్చాడు. భుజాన వేరుశనక్కాయల మూట. కాళ్లకు టైరు చెప్పులు. వెనక పట్టీ ఉండడంతో వంగితే తప్ప ఊడవు. ఏం చేయాలో తోచక వాకిట్లోనే నిలబడ్డాడు.

"పర్వాలేదులేన్నా, మూట లోపలికే తెచ్చేయ్," అంది మా అత్త.

ఆయన మూట వంటింటి దగ్గర దించి వెనక్కి తిరిగేసరికి గచ్చంతా నల్లటి చారలు. అత్త వాటిని చూసి, ఆయనకు వినబడేలా నాతో అంది.

"సూడమ్మా, మీ నాయన సేసిన పని. ఇంగ ఇవి యాడ పోతాయి?"

రమ్మన్నది మీరే కదా అని నేను అనలేదు. కుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయనా అనలేదు. నాన్న చెప్పులు బయట విడిచి వచ్చి, భుజం మీది తువ్వాలు తీశాడు.

"యాల పోవు సెల్లెమ్మా, పోతాయి. అమ్మా, రోంత సీమనూనె తే," అన్నాడు నాతో.

వెళ్లి కిరసనాయిలు సీసా తెచ్చిచ్చాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు కొస వేలికి చుట్టి, ఒక చుక్క అద్ది, గట్టిగా రుద్దకుండా గుండ్రంగా తిప్పాడు. చార కరిగి గుడ్డకెక్కింది. ఆ చోటు సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక కాస్త కొబ్బరినూనె రాసి పొడిగుడ్డతో మెరిపించాడు. అలా ఒక్కో చారా. కుర్చీ దాకా వచ్చినప్పుడు మా ఆయన పేపరు దించకుండా కాళ్లు మాత్రం పైకెత్తాడు.

"బాగా అలవాటైన పని మాదిరి ఉండాదే," అంది అత్త.

నాన్న అమాయకంగా నవ్వాడు. "వానల్లేక పంటలు పోయిన కాలంలో మదనపల్లెలో ఒక లాడ్జీలో రెండేండ్లు తుడిసినాను. ఆడ నేర్సుకున్నా."

మా పుట్టింటికి పెద్దపంజాణి దగ్గర మెట్ట పొలం ఉంది. రైతు బిడ్డనని చూసి నన్ను చేసుకున్నారు. లాడ్జీ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నాన్న అన్నం తిని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా అత్త పక్కింటావిడ దగ్గర నన్ను "కసువూడ్సే వాని కూతురు" అనేసింది.

ఆ తరువాత ఎవరి బూటు గీత పడినా తుడిచే పని నాదే. నేను కాస్త ఆలస్యం చేస్తే, "మీ నాయన నేర్పియ్యలేదా?" అనేది. మా ఆయన ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. అత్త మాట నాన్నకు ఎవరు చేరవేశారో గానీ, ఆయన మళ్లీ కుప్పం రాలేదు.

ఏడెనిమిదేళ్లకు ఆయన మంచాన పడితే, వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్లూ మనసులో నలుగుతున్న మాట అనేశాను.

"ఆ పొద్దు నేను సీమనూనె తెచ్చియ్యకుండా ఉండాల్సింది నాయనా. నీ సేతిలో గుడ్డ లాగేసుండాల్సింది."



"నువ్వు తేకుంటే ఇంకా సానాసేపు అట్లే మోకాళ్ల మీద కూసోని రుద్దతా ఉండేవాణ్ణి కదమ్మా," అన్నాడు.

నన్ను ఓదార్చాలనే అన్నాడు. నేను ఆయన ముఖం చూడలేక లేచి బయటికి వచ్చేశాను.