ప్లగ్గు లేని బండి చప్పుడు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి చాయ్ తాగడానికి పోయే మనిషిని నేను. నిజామాబాద్‌లో నాది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటారు కాలిపోయిందంటే ఏ వేళకు పిలిచినా పోయాను. ధర్పల్లి దారిలో బొందలగడ్డ, అంటే శ్మశానం, పక్క బావిలోకి ఒంటరిగా దిగి పని చేసుకొచ్చాను. నాకు ఎన్నడూ ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

వయసులో ఉన్నప్పుడు మేం నలుగురం కలిసి ఒక డ్రాగ్ బండి తయారు చేశాం. డ్రాగ్ రేసులో మలుపులుండవు. తిన్నటి రోడ్డు, పక్కపక్కన రెండు మోటారు సైకిళ్లు. జెండా పడగానే అవతలి గీత ముందు దాటినవాడు గెలిచినట్టు. మాది పాత టూ స్ట్రోక్ బండి. బోధన్‌లో వెల్డింగ్ పని చేసే ఖలీల్ భాయ్ దాని చాసిస్ కోసి, వెనక చక్రాన్ని మూరెడు వెనక్కి జరిపాడు. ఇంజన్ పని దానియేలుది. గీత దగ్గర నిలబడి టైము చూసేది నేను. నడిపేది మాక్లూర్ నర్సింలన్న. పసుపు పండించే ఇంటి మనిషి, బక్కపలచటి ఒళ్లు.

అన్నకు చిన్నప్పుడు ఎడమ మడమ విరిగి సరిగా అతకలేదు. రెండో గేరు నుంచి మూడో గేరుకు పోయేటప్పుడు ఆ కాలు కొంచెం ఆగేది. ఇంజన్ చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకునేది. దానివల్ల గెలవాల్సిన పోటీలు కొన్ని పోయాయి. కానీ ఎన్ని బండ్లు పోతున్నా, ఆ ఆగడం వినపడితే అది మా బండే.

పెళ్లిళ్లయ్యాయి, ఎవరి బతుకుతెరువు వాళ్లదయింది. బండి నర్సింలన్న కొట్టంలో పసుపు సంచుల వెనక పడింది. కొన్నేళ్ల కింద కామెర్లు ముదిరి అన్న ఆస్పత్రిలో పోయాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ బండి మీద ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు. దానికి చెడ్డపేరు లేదు.

దాన్ని బయటికి తీసింది ఆయన కూతురు శ్రావణి. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని నిజామాబాద్‌లో దానియేలు షెడ్డుకు తెచ్చింది. "కాకా, దీన్ని మంచిగ చెయ్యుండ్రి. బాపు నడుపంగ నేను సూడనే లేదు. ఒక్కసారన్న నడుపుత" అంది. ఆమె పుట్టకముందే అన్న రేసులు మానేశాడు.

దాదాపు ఏడాది పట్టింది. బండి ఆ ఏడాదంతా షెడ్డులోనే ఉంది. రేసుల కాలంలో మేం పెట్రోల్లో ఆముదపు నూనె కలిపేవాళ్లం. ఇప్పుడు దానియేలు ఒప్పుకోలేదు. జిగురు పడుతుందని బజారులో దొరికే ఆయిలే పోశాడు. దీన్ని గుర్తు పెట్టుకోండి.

పోయిన చలికాలం పాతవాళ్లందరం కలుసుకున్నాం. బోధన్ దాటాక, మూతబడిన ఫ్యాక్టరీకి చెరకు బండ్లు బారులు తీరి పోయిన దారి ఒకటుంది. ఇప్పుడు అటు ఎవరూ పోరు. చెరకు కూడా అక్కడక్కడే ఉంది, మిగతాదంతా వరి. అడగాల్సినవాళ్లను అడిగి, పొద్దున్నే అక్కడికి చేరాం. నర్సింలన్న భార్య పద్మ వదిన అందరికీ ఉప్మా, పల్లీ చట్నీ చేసి డబ్బాల్లో తెచ్చింది.

పొద్దెక్కినా మంచు విడవలేదు. ఎప్పటిలాగే నేను అవతలి కొసకు పోయి నిలబడ్డాను. ఇవతలి కొసన ఏం జరుగుతుందో నాకు కనపడదు. దానియేలు, నేను ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకున్నాం. అతను కిక్కు కొడుతుంటే వినపడుతోంది. బండి అందుకోలేదు.

"ప్లగ్గు తడిసింది రమేశన్నా. తీసి తుడుస్తున్న, జర ఆగు" అన్నాడు.

ప్లగ్గు తీస్తే ఇంజన్ స్టార్ట్ కాదు. సరే అని రోడ్డు పక్కకు జరిగాను. అప్పుడు వినిపించింది.

ఫోన్లోంచి కాదు. మంచులోంచి, రోడ్డు మీదుగా. మొదటి గేరు గుంజుకుని వస్తోంది. అప్పుడే బండి స్టార్ట్ అయిందా అనుకుని టైము కోసం గడియారం చూశాను కూడా. రెండో గేరు పడింది. తర్వాత ఆగింది. మళ్లీ అందుకుంది.

నా చేతిలో గడియారం అలాగే ఉండిపోయింది.

చప్పుడు నా మీదికే వచ్చి, పక్కనుంచి దాటిపోయింది. ఎడమ చెంపకు గాలి కొట్టింది. రోడ్డు వార చెరకు ఆకులు గలగలమన్నాయి. కాలిన ఆముదం వాసన ముక్కుకు తగిలింది. రోడ్డు మీద ఏమీ లేదు. గీత దాటగానే నర్సింలన్న ఎప్పుడూ స్పీడు తగ్గించేవాడు. ఈ చప్పుడు తగ్గలేదు. అదే జోరుతో, ముందు రోడ్డు కాలువ వైపు తిరిగే మలుపు దాకా పోయి, తీగ తెగినట్టు ఆగిపోయింది.

ఫోన్లో దానియేలు గొంతు మారింది. "అన్నా, గదేం బండి? మన బండే కదనే గది!"

"నువ్వు బండి చాలు చెయ్యలేదా?"

"ఎట్ల చేస్త? ప్లగ్గు నా చేతిల ఉన్నది."

నేను మలుపు దాకా నడిచాను. మంచుకు రోడ్డు మీద మట్టి తడిసి ఉంది. నా చెప్పుల గుర్తులు, కుక్క అడుగులు తప్ప టైరు అచ్చు ఒక్కటి లేదు. గట్టు మీద ఒక అవ్వ గడ్డి కోస్తోంది. నన్ను చూసి ఆమే అంది: "ఎవలయ్య గంత జోరుగ పోయిండ్రు? పసులు అడ్డమొస్తె ఏం గావాలె?"

"చూసినవా అవ్వా?"

"మంచుల ఏం కానస్తది. ఇన్న."

ఇవతలి కొసకు తిరిగి వచ్చాను. చప్పుడు ఇక్కడివాళ్లకు నేరుగా వినపడలేదు. నా ఫోను ద్వారా దానియేలు, పక్కనున్న ఖలీల్ భాయ్ విన్నారు. ఖలీల్ భాయ్ పక్కకు పోయి దువా చదువుకుంటున్నాడు. వచ్చి, శ్రావణితో "ఇయ్యాల వద్దు బిడ్డా" అన్నాడు. నేనూ అదే అన్నాను. మలుపు దగ్గర చప్పుడు తెగిపోయిన తీరు నా చెవుల్లోంచి పోవడం లేదు. ఈ పిల్లను అటు ఎట్లా పంపాలి?

చప్పుడు వచ్చినప్పుడు శ్రావణి తల్లి దగ్గర హెల్మెట్ పెట్టుకుంటోంది. ఆమె ఏమీ వినలేదు. జరిగింది తెలిశాక కళ్ల నిండా నీళ్లు పెట్టుకుంది. అవి భయంతో వచ్చినవి కావు.

"మీరందరు ఇన్నరు. గడ్డి కోసే అవ్వ గూడ ఇన్నది. నాకే ఎందుకు ఇనవడలే కాకా? నేను నడుపుత."

మేం వదిన వైపు చూశాం. వదిన బండి వైపు చూసి, కూతురి హెల్మెట్ పట్టీ తనే బిగించింది.

దానియేలు ప్లగ్గు బిగించాడు. బండి రెండో కిక్కుకే అందుకుంది. నేను మళ్లీ అవతలి కొసకు పోయాను. మంచు పలచబడింది. ఆమె బయలుదేరింది. మొదటి గేరు, రెండోది, మూడోది, ఎక్కడా ఆగలేదు. చేయి తిరిగిన మనిషిలా మార్చింది. గీత దాటి స్పీడు తగ్గించి, మలుపు ముందు నిలిపింది. మామూలు ఆయిల్ పొగ వాసన, మామూలు బండి చప్పుడు. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

తర్వాత అందరం ఉప్మా తింటుంటే శ్రావణి నా పక్కకు వచ్చింది. "బాపుది ఎట్ల ఇనవడ్డదో జర చేసి సూపియ్యుండ్రి కాకా" అంది.

నవ్వు వచ్చింది కానీ కాదనలేకపోయాను. తల నెరిసిన మనిషిని, నోటితో బండి చప్పుడు చేశాను. మొదటి గేరు. రెండోది. ఆగి, మూడోది. ఆ పిల్ల కళ్లు మూసుకుని వింది.

అప్పటిదాకా నోరు విప్పని పద్మ వదిన, చట్నీ వడ్డిస్తూ అంది:

"గట్ల గాదు రమేశ్. గంత జల్ది అందుకోదు. ఇంకింత సేపు ఆగుతది. రోజు ఇంటున్న గదా."

శ్రావణి మెల్లగా కళ్లు తెరిచి తల్లి వైపు చూసింది. వదిన మాత్రం పక్కవాళ్ల ప్లేటులో చట్నీ వేస్తోంది.

మా మాటలో 'ఇంటుంటి' అంటే వింటుండేదాన్ని అని, ఒకప్పటి సంగతి. 'ఇంటున్న' అంటే వింటున్నాను అని, ఇప్పటిది. ఆమె ఏమన్నదో నేను నా చెవులతో విన్నాను. ఆ తర్వాత మాక్లూర్‌కు రెండు మూడుసార్లు పోయాను. అడుగుదామని ప్రతిసారీ నోటిదాకా వచ్చింది. వదిన చాయ్ ఇచ్చి, పసుపు ధర సంగతి మాట్లాడుతుంది. నేను తాగి లేచి వస్తాను. ఆ పొద్దున నా పక్కనుంచి పోయింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే 'ఇంటుంటి' అనే అన్నానంటుందేమో. అలా అంటే నమ్ముతానో లేదో, అదీ తెలియదు.