కొమురవ్వ తెల్ల కాగితం

పదేళ్లుగా జనగామలో విద్యార్థులకు ఒక మెక్సికో సేనాని గురించి పాఠం చెబుతున్నాను. పదేళ్లుగానే ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేయగలిగాడని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతున్నాను. అలసిపోయాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఆ సేనాని మీదే పరిశోధన చేశాను. అతడు రైతుబిడ్డ. ఊరివాళ్లు అతణ్ని చిన్న వయసులోనే ఊరిపెద్దగా ఎన్నుకుని, తాతల నాటి భూమి కాగితాలన్నీ చేతిలో పెట్టారు. చెరకు తోటల దొరలు మింగేసిన పొలాలకు అవే ఆధారం. అతడు రోజుల తరబడి వాటిని చదివి, భద్రం చేయించి, ఆ తర్వాతే తుపాకి పట్టాడు. చివరికి నమ్మించి చంపారు. చనిపోలేదని, గుర్రం మీద కొండల్లో తిరుగుతున్నాడని అక్కడి రైతులు చాలాకాలం చెప్పుకున్నారట. అతని గొప్పతనం యుద్ధాల్లో కంటే, ఊరు నమ్మి ఇచ్చిన కాగితాలను కాపాడటంలో ఉందని నా సిద్ధాంత గ్రంథంలో రాశాను. నేనే రాశాను.

బచ్చన్నపేట దగ్గరి మా ఊళ్లో చాలా భూములు తెల్ల కాగితం మీదే చేతులు మారాయి. రిజిస్ట్రీ ఉండదు. వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు, అంతే. సాదాబైనామా అంటాం. అటువంటి వాటికి పట్టా ఇస్తామని ప్రభుత్వం దరఖాస్తులు కోరినప్పుడు, చదువుకున్నవాణ్నని పలువురు తమ కాగితాలు నాకే అప్పగించారు. కొమురవ్వ కూడా ఇచ్చింది. ఆమె రెండెకరాలు మా నాయిన అమ్మినవే. కొన్న భర్త పోయినా ఆమె సాగు మానలేదు. రికార్డులో మాత్రం మా నాయిన పేరే మిగిలి ఉంది.

తక్కినవన్నీ ఆఫీసులో ఇచ్చాను. ఆమెది ఇవ్వలేదు.

ఎందుకు? లేమి వల్లనా? కాదు, అప్పటికే నాకు ఉద్యోగం ఉంది. మొదట రేపు ఇద్దామనుకున్నాను. గడువు దగ్గరపడిన కొద్దీ, పేరు మాదే కదా, నేను ఏమీ చేయకుండా ఉంటే చాలు కదా అన్న ఆలోచన నాలో మెల్లగా కుదురుకుంది. దొంగతనమంటే చేయి చాపడమే అనుకునేవాణ్ని. చేతులు ముడుచుకుని కూర్చోవడం కూడా అదేనని తెలిసి, తెలియనట్టు నాకు నేనే నటించాను.

గడువు ముగిసిన కొన్నాళ్లకు ఆమె మా ఇంటికి వచ్చింది.

"ఏమాయె బిడ్డా, నా కాయితం?"

"ఒప్పుకోలేదవ్వా. సర్కారోళ్లు కొట్టేసిండ్రు."

"కొందరియి ఒప్పుకున్నరట గద?"

"నీ సాక్షులిద్దరు సచ్చిపోయిండ్రు. అందుకే."

ఆమె నవ్వింది. "జర ఆగి సావుండ్రయ్యా అంటే ఇంటరా వాళ్లు!" అంది. లేచి వెళ్తూ నా మొహంలోకి చూసింది. "నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. నాకోసం ఎండల తిరిగినవు. మొఖమంత గుంజుకపోయింది, ఇన్ని నీళ్లు తాగు."

నీళ్లు తాగాను కూడా.

నా మాట నమ్మి ఆ ఏడు ఆమె పొలం వదిలేసింది. పట్టా పుస్తకం మా నాయిన పేర, ఆయన తర్వాత నా పేర వచ్చింది. నేను కౌలుకిచ్చాను. కొమురవ్వ పోయింది. ఆమె కూతురు స్వరూప అదే చేనులో పత్తి ఏరడానికి కూలికి వస్తుంది. నన్ను చూస్తే 'మంచిగున్నవా అన్నా' అని పలకరిస్తుంది. మంచిగున్న అంటాను.

కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. చింపలేదు. అది మంచితనమో పిరికితనమో నాకే తెలియదు. దాన్ని స్వరూప చేతిలో పెట్టే ధైర్యం వస్తుందని మాట ఇవ్వలేను. మీరు నన్ను క్షమించనక్కర లేదు, ఆ హక్కు మీది కాదు. చేను గట్టు మీద ఎన్నోసార్లు గొంతు దాకా వచ్చి ఆగిపోయిన మాటను ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

మీ అమ్మను కాదన్నది సర్కారు కాదు స్వరూపా. నేను.