కాలరక్క కుడిపక్క గోడ

కాలరక్క ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. కార్మిక శాఖ ఆఫీసు వరండాలో టోకెను పట్టుకుని బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా ఆమె కుడికాలు నేలను తొక్కుతూనే ఉండేది. అక్కడ మిషనూ లేదు, పెడలూ లేదు, బెంచీ మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా అదిరేది. "ఏమమ్మా, మనం ఎక్కడికైనా వెళ్తున్నామా?" అని అడిగాను. కాలు ఆపి నవ్వింది. మూడు నిమిషాలకు మళ్ళీ బెంచీ బయల్దేరింది. మా పరిచయం అలా మొదలైంది.

పందొమ్మిదేళ్ళు ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసింది. చొక్కా మాత్రం ఒక్కటీ కుట్టలేదు. కాలర్లు కుట్టింది. ఎడమవైపు కట్టలోంచి ముక్కలు తీయడం, కుట్టడం, మొనలు తిప్పడం, తల తిప్పకుండానే కుడివైపు విసరడం. అక్కడ కూర్చున్న మనిషి దాన్ని అందుకుని మెడకు అతికిస్తుంది. ఈ విసురుడు లేకపోతే లైను ఆగుతుంది, లైను ఆగితే సూపర్‌వైజరు నోరు తెరుస్తాడు. నేను తిరిగిన ఊళ్ళలో ఒకచోట ఒకాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ళు గడియారాలకు నిమిషాల ముల్లు బిగించాడు. టైమెంతయిందయ్యా అంటే, నిమిషాలైతే చెప్పగలను, గంటలు పక్కవాణ్ణి అడగండి అన్నాడు. అప్పుడు నవ్వాను కానీ, కాలరక్కను చూశాక ఆ నవ్వు వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఫ్యాక్టరీకి తాళం పడ్డాక తేలిన విషయం ఇంకోటుంది. పదకొండు నెలలకోసారి ఆమెను కాగితం మీద తీసేసి, మర్నాడే కొత్తగా చేర్చుకున్నట్టు రాసేవారు. ఆ లెక్కన ఆమె ఎనిమిది నెలల కిందట పనిలో చేరిన మనిషి. కార్మిక ఇన్‌స్పెక్టరు ఒకాయన, చూడ్డానికి నిద్రమొహంలాగే ఉంటాడు, గేటు కాపలాదారు గదిలో చెప్పుల స్టాండు కింద ఎత్తుకోసం పెట్టిన పాత హాజరు పుస్తకాలు బయటికి లాగించాడు. వాటిని పట్టుకుని ఆమె పందొమ్మిదేళ్ళూ ఆమెకు రాసిచ్చాడు. "ఒక్క పూటలో ఇంత ముసలిదాన్ని చేసేశాడు" అని కాలరక్క అందరికీ చెప్పుకుంది, ఎంతో గొప్పగా.

ఆ కాగితంతోనే పక్క గదిలో ఉపాధి విభాగానికి వెళ్ళింది. అక్కడి మేడం ఫారం ముందు పెట్టుకుని తెలిసిన పనేమిటని అడిగితే కాలరు అంది. ఇంకా, అని అడిగితే ఇంకా కాలరే అంది. మేడం కలం పక్కన పెట్టి విడమరిచి చెప్పింది. ఊళ్ళో మిగిలిన రెండు ఫ్యాక్టరీల్లో కాలర్లు కుట్టడానికి యంత్రాలు వచ్చాయి. పెద్దాసుపత్రి కుట్టుగదిలో మటుకు ఖాళీలున్నాయి, కానీ వాళ్ళకు దర్జీ కావాలి. చదువు లేకపోయినా పనిలో అనుభవం ఉన్నవాళ్ళకు శాఖ పరీక్ష పెడుతుంది. నాలుగు గంటల్లో ఒక చొక్కా పూర్తిగా కుట్టి చూపిస్తే దర్జీ అని సర్టిఫికెట్ ఇస్తారు. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఆర్నెల్లకు. ఆసుపత్రి ఉద్యోగానికి వయసు నలభై ఐదు దాటకూడదు. కాలరక్కకు నలభై ఐదు నిండడానికి నాలుగు నెలలే ఉంది.

పదిహేను రోజులు అన్నగారింట్లో నేర్చుకుంది. నేర్పింది వదిన. ముందు గదిలో మిషను పెట్టుకుని వీధంతటికీ బట్టలు కుట్టే మనిషి ఆమె. ఆడపడుచును నోరారా అనడానికి ఇలాంటి అవకాశం ఇన్నేళ్ళలో రాలేదు కాబట్టి ఒక్క పూట కూడా వృథా చేసుకోలేదు. "మెడ చూసి మనిషిని గుర్తుపడతావు గానీ, మొండెం ఎటుంటుందో తెలీదేమిటే నీకు" అంది మొదటి రోజు. పాత దుప్పటితో కుట్టిన మొదటి చొక్కాకు రెండూ ఎడమ చేతులే అయ్యాయి. వదిన దాన్ని అన్నగారికి తొడిగించి వీధి గుమ్మంలో నిలబెట్టింది. ఈయన ఇకనుంచి ఎడమకే తిరుగుతాడు, కుడివైపు పనులుంటే ఇంకెవరికైనా చెప్పుకోండి అంది. కాలరక్క నవ్వలేదు. రాత్రి అన్నం కంచంలో చెయ్యి పెట్టి కూడా కాలు తొక్కుతూనే ఉందని వదినే నాతో చెప్పింది, ఈసారి గొంతులో ఎగతాళి లేకుండా. పన్నెండో రోజుకు చొక్కా చొక్కాలా వచ్చింది.

పరీక్ష శిక్షణ కేంద్రంలో. పొడుగాటి హాలు, వరసకు ఆరు మిషన్లు, వరండా వైపు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బయట వదినా నేనూ నిలబడ్డాం. అందరికీ కత్తిరించిన ముక్కల కట్ట ఇచ్చారు, ఒకే నీలం గుడ్డ. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఒకరి పని ఒకరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఇద్దరూ బయటికి. పరీక్ష పెట్టేది ఒక ముసలి మాస్టరు, నలభై ఏళ్ళు లైన్ల మీద బతికినవాడు. పక్కన ఉపాధి విభాగం మేడం.

కాలరక్క చెయ్యి ముందుగా కాలరు మీదికే వెళ్ళింది. మనం కూడా కొత్త ఊళ్ళో దిగగానే తెలిసిన మొహం కోసమే వెతుకుతాం గదా. ఆరు నిమిషాల్లో కాలరు అయిపోయింది. తర్వాత జేబు, భుజాలు, గుండీపట్టీ, తల ఎత్తకుండా కుట్టింది. రెండు గంటలు దాటాక మెడ అతికించడానికి కాలరు కోసం చూసుకుంది. లేదు. ఒళ్ళో వెతికింది, బల్ల కింద వెతికింది. అప్పుడు కుడివైపు చూసింది.

అక్కడ కూర్చున్నది వేరే ఫ్యాక్టరీ మనిషి, కళ్ళద్దాలావిడ. పదకొండేళ్ళుగా మెడలకు కాలర్లు అతికించడమే ఆమె పని. కుట్టగానే కాలరక్క చెయ్యి ఎప్పటిలాగే కుడివైపు విసిరేసింది. కళ్ళద్దాలావిడ ఎడమచెయ్యి ఎప్పటిలాగే ఎడమకు వెళ్ళింది, దొరికింది తీసుకుంది, అతికించేసింది. ఇద్దరూ ఇద్దరి మొహాలు చూడలేదు. అంతదాకా వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలిసింది కూడా లేదు.

ఆమె కూడా అప్పుడే తన కట్టలో మిగిలిపోయిన కాలరు ముక్కలు చూసుకుంది. మొహం పాలిపోయింది. ముక్కల్ని మెల్లగా ఎడమవైపు జరిపింది. మేడం కంట అది పడింది.

మిషన్లు ఆగిపోయాయి. మేడం నిబంధన చదివింది. ఇద్దరూ లేవాలి. కిటికీ దగ్గర వదిన నా మోచెయ్యి పట్టుకుంది. కాలరక్క లేచి నిలబడింది.

"తప్పు నాదండీ. నేనే విసిరాను. ఆవిడ దొంగతనం చెయ్యలేదు, నేను సాయమూ చెయ్యలేదు. ఇది మా చేతుల పని, మాకు చెప్పి చెయ్యలేదు."

మాస్టరు పాత గుడ్డముక్క ఒకటి కాలరక్క మిషను మీద పెట్టి, కుట్టమన్నాడు. కుట్టింది. కుట్టగానే గుడ్డ గాలిలోకి లేచి కుడివైపు పడింది. ఆయన వంగి దాన్ని తీసుకుని మేడం చేతిలో పెట్టాడు.

"చూశారుగా. దీన్ని కాపీ అంటే నేనూ నలభై ఏళ్ళు కాపీ కొట్టినట్టే."

ఇద్దరూ గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడుకున్నారు. తేలిందేమిటంటే, కళ్ళద్దాలావిడ కాలరు విప్పి ఇచ్చెయ్యాలి, తనది తనే కుట్టుకోవాలి, టైము పెంచరు. కాలరక్క చెయ్యి ఇంకొక్కసారి అటు వెళ్తే ఇద్దరూ ఇంటికే.

తన కాలరు తనకు వచ్చాక కాలరక్క అతికించి, చొక్కాకు చేతులు తగిలించి, గుండీలు కుట్టి, ఇంకా అరగంట ఉండగానే ముగించింది. రెండు చేతులూ రెండు వైపులవే. నిజానికి ఆమె అవస్థ అప్పుడే మొదలైంది. పక్కన కళ్ళద్దాలావిడ కాలరు మొన తిప్పలేక నానా తంటాలు పడుతోంది. పొర లోపల దారం మిగిలిపోయింది, అందుకే మొన బయటికి రావడం లేదు. కాలరక్కకు అది తెలుసు. అర నిమిషం పని. ఆమె వేళ్ళు బల్ల అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి. చివరికి రెండు అరచేతులూ స్టూలు మీద పెట్టి వాటిమీద కూర్చుంది. కాలు కూడా తొక్కలేదు. "మా ఆడపడుచుకు ఒంట్లో బాగాలేదేమో" అంది వదిన నా చెవిలో.

గంట కొట్టేసరికి కళ్ళద్దాలావిడ కాలరుకు ఒక మొన సూదిగా, ఒకటి మొద్దుగా వచ్చింది. మాస్టరు ఆ మొద్దు మొనను వేలితో నొక్కి చూసి, పాసు మార్కులే వేశాడు. ఇద్దరి కాగితాల మీదా దర్జీ అని రాశారు.

ఆసుపత్రి కుట్టుగదిలో చేరిన రోజున ఏ మిషను కావాలో చూసుకోమంటే, కాలరక్క కుడిపక్క గోడ ఉన్నది ఎంచుకుంది. వెలుతురు తక్కువ, ఫ్యాను గాలి తగలదు, అయినా అదే కావాలంది. కళ్ళద్దాలావిడ మూడు మిషన్ల అవతల కూర్చుంది. నేను ఊరు విడిచేముందు చూడ్డానికి వెళ్ళాను. రోగుల చొక్కాలు కుడుతోంది, మెడ నుంచి అంచు దాకా. కుట్టిన కాలర్లు ఒక్కొక్కటీ గోడకు తగిలి కింద పడుతున్నాయి. ప్రతిసారీ లేచి, వంగి తీసుకుని, తిట్టుకుంటూ వచ్చి కూర్చుంటోంది.

"పోనీలెండి, గోడ అయితే తీసుకెళ్ళి ఇంకో చొక్కాకు అతికించదు" అంది.