కనకమ్మ పిన్ని పుట్టిన రోజు కోసం మంగళగిరి దాకా

1946 జులై 28, ఆదివారం. ముప్పై రెండేళ్ళ కిందట ఇదే తేదీన ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించిందని పొద్దున్నే మా హాస్టలు వరండాలో నల్లబల్ల మీద రాశాను. బట్టల వర్తకులు బెజవాడలో నడిపే హాస్టలు మాది. రోజూ ఆ తేదీన జరిగిన సంగతి ఒకటి వెతికి రాయడం నా పని. వంటచేసే కనకమ్మ పిన్నికి చదవడం రాదు కాబట్టి ఆమెకు పైకి చదివి వినిపిస్తాను. రోజూ విని వెళ్ళిపోయేది, ఇవాళ వెళ్ళలేదు. అదే నాకు మొదటి ఆశ్చర్యం.

“ఎప్పుడూ యుద్ధాలూ, రాజులు చావడాలేనా బాబూ? నేను పుట్టిన రోజున ఏం జరిగిందో కూడా నీ పుస్తకాల్లో ఉంటదా?”

“ఉంటుంది పిన్నీ. తేదీ చెప్పు.”

“తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?” అని నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి, ఊహ తెలిసేలోపే తండ్రి పోయారట. వాళ్ళది నేతగాళ్ళ ఇల్లు. పెంచిన నాయనమ్మ కోపం వచ్చినప్పుడల్లా, ‘నువ్వు పుట్టిన రోజే పడుగు నాశనమైంది, ఇంటికి దరిద్రం పట్టింది’ అనేదట. “ఆ రోజు ఎక్కడో ఒకచోట మంచి కూడా జరిగుంటదిగా. అది చూసి చెప్పు. మంగళగిరిలో మా పెద్దమ్మ రత్తమ్మని అడిగితే ఏ రోజో చెబుద్ది. నేనెళ్దామంటే పొయ్యి వదలనిస్తారా మీరు?”

ఎనిమిది దాటాక గుంటూరు వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు మూడణాలు. కృష్ణ వంతెన మీద బండి బాగా నెమ్మదిస్తుంది కాబట్టి కిటికీ పక్కన చోటు దొరికితే వదులుకోకండి. ఆనకట్ట మీంచి నీళ్ళు ఎర్రగా దూకుతున్నాయి. “కొత్త నీరు” అన్నాడు ఎదురుగా కూర్చున్న ముసలాయన. ఎన్ని వేల ఏళ్ళ నదికైనా ఏటా ఆ మాట సరిపోతుంది కదా అనుకుంటూ దిగేదాకా దాన్నే నెమరు వేసుకున్నాను.

నేతగాళ్ళ వీధిలో మగ్గాల చప్పుడు వినబడుతుందనుకున్నాను. ఒక్కటీ ఆడడం లేదు. అరుగు మీద పులీమేకా ఆడుతున్నాయన తలెత్తి, “ఇవాళ అమావాస్య కదండీ, మగ్గం ఎక్కం. రేపు పొద్దున రండి, వీధంతా పడుగులే” అని రత్తమ్మ గారిల్లు చూపించాడు.

ఆవిడ నన్ను ముందు అన్నానికి కూర్చోబెట్టింది. వంకాయ కూర, మజ్జిగ. తిన్నాకే నా ప్రశ్న వింది.

“తేదీలు సర్కారు కచేరీల వాళ్ళకి గానీ మాకెందుకయ్యా? అమావాస్య మర్నాడు పుట్టింది. శ్రావణంలో మొదటి రోజు.”

“ఏ సంవత్సరమండీ?”

“పెద్ద వరదొచ్చిన ఏడాదికి అటో ఇటో.”

నా ఉత్సాహం చల్లారింది. తిథి ఏటా ఒకే తేదీకి రాదు. సంవత్సరం తెలియకపోతే తేదీ దొరకదు, తేదీ దొరకకపోతే నా పుస్తకాలు ఏమీ చెప్పలేవు. లేవబోతూ, ఆ రోజు పడుగు ఎలా పాడైందని అడిగాను. పడుగంటే బట్టకు నిలువునా ఉండే నూలు. దాన్ని వీధి పొడుగునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. ఆ సమయంలో వాన పడిందా, అంతా వృథా.

“పాడవలేదు, మా మరిది పాడు చేశాడు. కనకం నాన్న” అంది రత్తమ్మ గారు. “మబ్బు కమ్ముకొస్తుంటే చుట్టెయ్యండి, చుట్టెయ్యండి అని వీధంతా అరుస్తున్నారు. లోపల పిల్ల కేరుమంది. అంతే, చేతిలో కొస వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. పడుగు బురదపాలు. వాళ్ళమ్మ తిడుతుంటే వినబడితేగా? తడిసిన పంచెతో, నాకు ఆడపిల్ల, నాకు ఆడపిల్ల అని ఇంటింటికీ చెప్పొచ్చాడు.”

“ఈ మాట పిన్నికి ఎవరూ చెప్పలేదా?”

“నన్నెవరడిగారు? పడుగు సంగతి చెప్పినోళ్ళు ఇదీ చెప్పారనుకున్నా.” నాతో గడప దాకా వచ్చింది. “అయినా రేపేగా దాని పుట్టినరోజు. తెలుసా దానికి?”

అప్పుడు వెలిగింది నాకు. ఇవాళ ఆషాఢ అమావాస్య. రేపే శ్రావణం.

సాయంత్రం బండి కోసం మంగళగిరి స్టేషన్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నష్టం సంగతి ఇన్నేళ్ళూ పిన్ని దాకా వచ్చింది, సంతోషం సంగతి మాత్రం ఈ ఎనిమిది మైళ్ళూ దాటి రాలేకపోయింది. చరిత్ర పుస్తకాల్లో కూడా ఇలాగే జరుగుతుందేమో. ఈ ఊరు రాదలచుకున్నవాళ్ళకు ఒక మాట: నేతగాళ్ళతో తీరిగ్గా మాట్లాడాలంటే అమావాస్యనాడు రండి, పని చూడాలంటే మర్నాడు తెల్లవారేసరికి వీధిలో ఉండండి.

రేపటికి పారిస్‌లో విజయతోరణం తెరిచిన సంగతి రాద్దామనుకున్నాను. అది వచ్చే ఏడాదికి ఉంటుంది. పొద్దున పిన్ని పొయ్యి వెలిగించకముందే లేచి, బల్ల శుభ్రంగా తుడిచి రాస్తాను: ‘శ్రావణ శుద్ధ పాడ్యమి. మంగళగిరిలో ఒక నాన్న, కూతురి ఏడుపు విని పడుగు వదిలేసి పరిగెత్తిన రోజు.’ ఆమె వచ్చి నా వెనక నిలబడేదాకా ఆగి, అప్పుడు పైకి చదువుతాను.