దింపడానికి ఇంత స్పీడా?

ఆ ట్రాఫిక్ పోలీసాయన పేరు నాకు తెలీదు. చొక్కా మీద ఉండే ఉంటుంది కానీ, చదివే స్థితిలో నేను లేను. ఎక్కడున్నా ఆయనా, ఆయన పిల్లలూ చల్లగా ఉండాలని మాత్రం ఇవాళ్టికీ అనుకుంటాను.

అమీర్‌పేటలో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల ఫ్రీ డెమో బ్యానర్లే ఉన్న రోజులవి. నేనక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. మా ఆయనకి పెద్ద కంపెనీలో ఉద్యోగం. మధురానగర్‌లో అద్దె ఇల్లు. ఓ శనివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసు వాళ్లు భోజనానికొచ్చారు. "మీ మిసెస్ ఏం చేస్తారు?" అని ఎవరో అడిగితే, ఈ మహానుభావుడు పప్పు కలుపుకుంటూ, "ఏదో టైంపాస్‌కి క్లాసులు చెబుతుందిలే" అన్నాడు. పొద్దున్నే మొదటి బ్యాచ్ నుంచి గొంతు పోయేదాకా అరిచి వచ్చే మనిషిని. నాది టైంపాసా? ఒళ్లు మండిపోయింది.

వాళ్లు వెళ్లాక అడిగితే, "సరదాగా అన్నా తప్పేనా?" అని నా మీదే లేచాడు. మాటా మాటా పెరిగింది. "నన్ను మా పుట్టింట్లో దింపెయ్యండి, ఇక మళ్లీ రాను" అన్నాను. అలా అంటే కాళ్లావేళ్లా పడతాడనుకున్నాను. "సరే, పొద్దున్నే బయల్దేరదాం" అన్నాడు.

అన్నాక వెనక్కి తగ్గితే నా పరువేం కావాలి? ఆదివారం తెల్లవారగానే సూట్‌కేసు వెనక సీట్లో పడేసి కారెక్కాను. విజయవాడ దాకా ప్రయాణం. ఆ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు మొదటి లాంగ్ ట్రిప్ ఎటు వెళ్లాలని ఎంత ముచ్చటపడ్డామో! అమీర్‌పేట రోడ్డంతా ఖాళీగా ఉంది. ఈయన యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాడు. నన్ను వదిలించుకోవడానికి ఇంత ఆత్రమా అనుకున్నాను. మెల్లగా పొమ్మని చెప్పొచ్చు. చెప్పను. నేనెందుకు మాట్లాడాలి?

పంజాగుట్ట దగ్గర విజిల్ గట్టిగా మోగింది. నడివయసు ట్రాఫిక్ పోలీసు ఒకాయన పరుగున వచ్చి బండి పక్కకు పెట్టించాడు.

"ఏంది తమ్మీ, రోడ్డు ఖాళీగుందని గాల్ల పోతున్నవ్? ఏడికి?"

మా ఆయన లైసెన్సు తీసిచ్చి, "ఆవిడనడగండి" అన్నాడు.

ఆయన వంగి నన్ను చూశాడు. "ఏడికి చెల్లె?"

"విజయవాడ, మా పుట్టింటికి. ఆ స్పీడెందుకో ఆయన్నే అడగండి."

పాపం, ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. సూట్‌కేసూ చూశాడు. పండగా లేదు, పబ్బమూ లేదు. విషయం అర్థమైపోయినట్టుంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నాకు సుత పెండ్లయింది తమ్మీ," అన్నాడు చలాన్ రాస్తూ. "పెండ్లాన్ని తల్లిగారింట్ల దించనీకి పోయేటోడు నిమ్మళంగ పోతడు. తోల్కరానీకి పోయేటోడు ఉరుకుతడు. నువ్వేంది, ఉల్టా చేస్తున్నవ్?"

నాకు నవ్వొచ్చింది, పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. మా ఆయన నవ్వలేదు. నా వైపు చూడకుండా ఆయనతోనే అన్నాడు. "మెల్లగా పోతే ఎక్కడో ఓ చోట వెనక్కి తిప్పేస్తానని భయం సార్. తిప్పితే కారు దిగి నడిచిపోతానంది."

నిజమే, కారెక్కుతూ అన్నాను. కోపంలో నోటికొచ్చింది అంటే, ఈ పిచ్చి మనిషి అక్షరాలా నమ్మేశాడు!

"నేనన్నదే తప్పు సార్. అందరి ముందూ అలా అనకూడదు."

నిన్నటి నుంచి నాతో అనని మాట ముక్కూ మొహం తెలియని పోలీసాయనతో అన్నాడు.

"నాకెందుకు చెప్తున్నవయ్యా? గటు తిరిగి చెప్పు."

తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మళ్లీ అదే మాట నాతో చెప్పాడు, సగమే చెప్పాడు. అంతే, నేను భోరుమన్నాను.

పోలీసాయన మాత్రం మమ్మల్ని ఊరికే వదల్లేదు. ఫైన్ కట్టించుకుని రసీదు మా ఆయన చేతిలో పెట్టాడు. తర్వాత నన్నడిగాడు. "ఏం చెల్లె, పోతవా, వాపసా?"

నేను వెళ్లాలనుకుంటున్నానా లేదా అని అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు.

"వాపసే అన్నా," అన్నాను. వెనక్కి వెళ్లడాన్ని వాపసనడం నా కోస్తా నోటికి అదే మొదలు.

అక్కడ యూటర్న్ లేదు. ఆయనే వెళ్లి డివైడర్ సందులో అడ్డంగా ఉన్న బారికేడ్ పక్కకు లాగాడు. అవతల సికింద్రాబాద్ వైపు పోయే బస్సొకటి హారన్ కొడుతూ వస్తోంది. దానికెదురుగా నిలబడి చెయ్యెత్తాడు. మా కారు పూర్తిగా తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.