రెండో గోలీ

మా నాన్న పనిచేసే చోట ఎవరో తెలుగాయనతో "మావాడు ఐస్ హాకీలో గోలీ" అని చెబితే, ఆయన "ఈ దేశంలో గోళీలాటకి కూడా టీములున్నాయా అండీ?" అన్నారట. నాన్న ఇంటికొచ్చి పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను గోలీనే గానీ, రెండో గోలీని. వల ముందు నిలబడి పక్‌ని, అంటే ఆ నల్లటి రబ్బరు బిళ్లని, ఆపేవాడు ఒక్కడే ఉంటాడు. రెండోవాడు కూడా అంతే బరువైన ప్యాడ్లు కట్టుకుంటాడు, అదే మాస్కు పెట్టుకుంటాడు, వెళ్లి బెంచీ చివర కూర్చుంటాడు. మొదటివాడికి ఏదైనా అయితే తప్ప వాడికి లేచే పని ఉండదు.

తెనాలి నుంచి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చేటప్పటికి నాకు పదేళ్లు. స్కూల్లో ఒక స్నేహితుడి పుట్టినరోజుకి, మంచుమీద ఆడే ఐస్ రింక్‌కి తీసుకెళ్తే, స్కేట్లమీద నిలబడటం రాని నన్ను వల ముందు నిలబెట్టి మిగతావాళ్లు ఆడుకున్నారు. పక్ ఒళ్లంతా తగిలింది. నాకు అదే నచ్చింది. ఇరవయ్యేళ్లు వచ్చేసరికి పగలు పాపటోయిటోయి అనే పేటలో ఒక వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ, సాయంత్రాలు ప్రాక్టీసు చేస్తూ, మా నగరం జట్టులోకి వచ్చాను. ఆ చలికాలం మొదటి గోలీగా ఆడేది నేనే అనుకున్నాను. అంతలో మేనేజర్, కెనడా నుంచి ఒక ప్రొఫెషనల్ గోలీ వస్తున్నాడని, ఎవరింట్లోనైనా గది ఉందా అని అడిగాడు. ఇంట్లో ఈ సంగతి చెప్పడం నాదే పొరపాటు.

"మన ముందు గది ఖాళీగానే ఉందిగా, రమ్మను" అంది అమ్మ.

"అమ్మా, వాడొచ్చేది నా ప్లేసులోకే. వాడొస్తే నేను ఆడను."

"ప్లేసు వేరు, గది వేరు. మనిషికి ఇంత అన్నం పెట్టడానికేం?"

అలా ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లోని మా ఇంటికి వచ్చాడతను. నలభైకి దగ్గర పడిన మనిషి. గడ్డం కింద పాత కుట్ల గుర్తు, ముందు పన్ను ఒకటి లేదు. నా స్నేహితులు పిలవడం విని అమ్మని "ఆంటీ" అనేవాడు. పప్పన్నం ఇష్టంగా తినేవాడు గానీ, కూర్చుని తినేవాడు కాదు. వంటగట్టుకి ఆనుకుని తిని, కంచం కడిగి, హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి గరాజ్‌లోకి తిరుగుతూ ఉండేవాడు.

"కాలు కాలిన పిల్లిలా ఏంట్రా ఈ తిరుగుడు? చూస్తుంటే నాకే కాలు నిలవట్లేదు" అనేది అమ్మ.

నాకూ నిలకడ లేదు. మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చుంటే మోకాళ్లు వాటంతటవే ఆడేవి. అతను ఆపే ప్రతి షాట్‌కీ చప్పట్లు కొట్టేవాణ్ని, కొడుతూనే నేనైతే ఎలా ఆపేవాణ్నో లెక్కలు వేసుకునేవాణ్ని. అమ్మా నాన్నా రెండు మ్యాచ్‌లు చూడ్డానికి వచ్చి, దుప్పటి కప్పుకుని, నేను కూర్చోవడం చూసి వెళ్లారు.

ఒక శనివారం పొద్దున ఎయిర్‌పోర్టుకి బయలుదేరుతున్నాం. ఆ రోజు క్రైస్ట్‌చర్చ్‌లో మ్యాచ్, మరుసటి వారం డునీడిన్‌లో. గరాజ్‌లో అతను మోకాళ్లమీద కూర్చుని బ్యాగు జిప్పు వేసుకుంటున్నాడు. వేసుకున్నాక లేవలేదు. కారు బంపర్ పట్టుకుని, పళ్లు బిగించి, ఒక్కో కాలూ కూడదీసుకుని నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను ఇంగ్లీషులో.

"తుంటి. కూర్చుంటే బిగుసుకుపోతుంది. అందుకే కూర్చోను."

"కోచ్‌కి తెలుసా?"

"తెలిస్తే నన్నెవరు పిలుస్తారు? ఇదే నా ఆఖరి సీజన్. పూర్తి చేయనీ." బ్యాగు భుజానికెత్తుకుని, "నీకిది అన్యాయమే. నాకు తెలుసు" అన్నాడు.

క్రైస్ట్‌చర్చ్‌లో బాగానే ఆడాడు. వచ్చాక వారమంతా నాకు మనసు ఒకచోట నిలవలేదు. ఒక్క మాట కోచ్ చెవిన వేస్తే వల నాది. వేర్‌హౌస్‌లో ఒక సరుకు బదులు ఇంకోటి ఎత్తి తిట్లు తిన్నాను. చివరికి అమ్మకి చెప్పాను.

"చెప్పాలనుందా?" అంది.

"తెలీట్లేదమ్మా."

"నువ్వు చెప్తే వాడి నోటికాడి కూడు తీసినట్టు. నువ్వు చెప్పకపోతే వాడు కాలు పోగొట్టుకుంటాడు. చెప్పాల్సింది నువ్వు కాదు."

ఆ పూట అతని ముందు కంచం పెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో నేరుగా అనేసింది: "నువ్వు కోచ్‌కి చెప్పు. మావాడు కాదు. నువ్వు."

అతను నావైపు చూశాడు. కోపం లేదు. "డునీడిన్ అయ్యాక, ఆంటీ" అన్నాడు.

డునీడిన్‌లో, మూడు పీరియడ్ల ఆటలో రెండోదాంట్లో, పక్ కుడివైపు నుంచి వచ్చింది. అతను కాళ్లు రెండూ చాచి మంచుమీద జారి దాన్ని ఆపాడు. ఆపాక అలాగే ఉండిపోయాడు. ఆట ఆగింది. ఇద్దరు పట్టుకుని బెంచీ దగ్గరికి తెచ్చారు. మాస్కు తీశాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఇక నీదే" అన్నాడు.

నెలల తరబడి ఆ మాట కోసమే చూశాను. మాస్కు పెట్టుకుని వల ముందుకి వెళ్లాను. మొదటి షాట్ నా రెండు కాళ్ల మధ్య నుంచి వలలోకి వెళ్లిపోయింది. జనం కేకలు వేశారు. బెంచీ వైపు చూశాను. అతను అడ్డుగోడ పట్టుకుని నిలబడి అరుస్తున్నాడు: "పక్‌ని చూడు! వాళ్ల మొహాలు కాదు!"

చూశాను. తర్వాతది భుజానికి తగిలింది, ఆ తర్వాతది చేతికి చిక్కింది. ఆపైన నాకు జనం వినపడలేదు. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం.

మ్యాచ్ అయ్యాక అందరిముందూ అతనే కోచ్‌కి మొత్తం చెప్పాడు. కోచ్ తలుపు విసిరికొట్టి బయటికెళ్లి, కాసేపటికి తిరిగొచ్చి నావైపు వేలు చూపించాడు. "రేపు నువ్వు."

ఆదివారం గెలిచాం. నాన్నకి ఫోన్ చేస్తే, "ఎంతసేపు ఆడావు?" అన్నారు. "మొత్తం" అన్నాను. వెంటనే అమ్మని కేకేసి ఫోన్ తనకిచ్చారు.

సీజన్ అయ్యేదాకా అతను మా ఇంట్లోనే ఉన్నాడు. కర్ర ఊతంతో రింక్‌కి వచ్చి నాకు నేర్పేవాడు. ఒకరోజు కార్లో అన్నాడు, తను కూడా ఎక్కువ ఏళ్లు రెండోవాడేనని. చిన్న చిన్న ఊళ్లు, బస్సు ప్రయాణాలు, తనని వేరే జట్టుకి ఇచ్చేశారని దారిలో ఎవరో చెబితే తెలియడం.

"అన్నేళ్లు బెంచీమీద ఏం చేసేవాడివి?" అన్నాను.

"ప్రతి షాట్‌నీ ఆపేవాణ్ని. కూర్చునే."

అతను వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు. తన ఊళ్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాడని తెలిసింది. నేను ఇంకో రెండు చలికాలాలు మా జట్టుకి మొదటి గోలీగా ఆడాను. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని ఒక జట్టు పిలిచింది. విమానం టికెట్టు, ఉండటానికి గది, వారానికి కొంత చేతికి ఇస్తామన్నారు. ఆటకి డబ్బులివ్వడం నాకు అదే మొదలు. వెళ్లాలో వద్దో తేల్చుకోలేక అతనికి ఫోన్ చేశాను.

"గదిలో హీటర్ ఉందో లేదో అడుగు" అన్నాడు. "మిగతావన్నీ వాళ్లే చెప్తారు."

అడిగాను. లేదన్నారు. అమ్మ రెండు దుప్పట్లు సర్దింది. వెళ్లాను.